కెర్నెల్ ఇటరేటర్ మార్పులను రివ్యూ చేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

కెర్నెల్‌లో ఇటరేటర్‌ను (జాబితా వంటి సమూహంలోని మూలకాలను ఒక్కొక్కటిగా నడిచి చూసే కోడ్‌ను) తాకే ప్యాచ్ (కోడ్ మార్పు) చేతికి రాగానే అనుభవం ఉన్నవారు కూడా తడబడతారు. మార్పు చూస్తే నాలుగే వరుసలు, ఏం వెతకాలో తోచదు. “ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో చూసుకుంటూ పోవాలి?” అన్న ప్రశ్న పదేపదే వస్తోంది. అందుకే నేను పాటించే క్రమాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఈ పద్ధతికి ఆధారం రెండు ప్రశ్నలు. ఈ క్షణాన ఇటరేటర్ ఎక్కడ నిలబడి ఉంది? దాని చేతిలో ఏముంది: లాకా (ఇతరులను ఆపే తాళం), రిఫరెన్సా (ఆబ్జెక్ట్ వాడుకలో ఉందని చెప్పే లెక్క), పిన్ చేసిన పేజీలా (కదలకుండా పట్టి ఉంచిన జ్ఞాపకం ముక్కలు)? లూప్ నుంచి బయటపడే ప్రతి దారిలోనూ ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగితేనే రివ్యూ పూర్తయినట్టు. ఒక్క దారి మిగిలిపోయినా కానట్టే.

ఉదాహరణలన్నీ లినక్స్ కెర్నెల్‌వి. ఫంక్షన్ల పేర్లను తెలుగు లిపిలో, అండర్‌స్కోర్లు అలాగే ఉంచి రాశాను. మూలకోడ్‌లో వెతుక్కోవడానికి అవి సరిపోతాయి.

## 1. ప్యాచ్ చదవడానికి ముందు

డిఫ్ (పాత, కొత్త కోడ్‌ల తేడా) మామూలుగా మార్పుకు పైన మూడు వరుసలు, కింద మూడు వరుసలు మాత్రమే చూపిస్తుంది. ఇటరేటర్ లోపాలు ఎక్కువగా ఆ మూడు వరుసల అవతలే ఉంటాయి. లాక్ నలభై వరుసల పైన తీసుకుని ఉంటారు, దాన్ని వదిలే లేబుల్ అరవై వరుసల కింద ఉంటుంది. కాబట్టి డిఫ్‌ను డిఫ్‌గా చదవకండి.

ముందుగా ఇవి సిద్ధం చేసుకోండి:

- ప్యాచ్‌ను అది ఆధారపడిన కమిట్ (భద్రపరిచిన కోడ్ స్థితి) మీద మీ సొంత ట్రీలో అప్లై చేయండి. వేరే ఆధారం మీద చదివితే మీరు చూస్తున్నది వేరే కోడ్.
- మొత్తం ఫంక్షన్ కనిపించేలా చూడండి. గిట్ షో ఆదేశానికి పెద్ద అక్షరం డబ్ల్యూ ఆప్షన్ ఇస్తే ఫంక్షన్ మొత్తం వస్తుంది.
- ఇటరేటర్ మాక్రో (కంపైల్‌కు ముందు కోడ్‌గా విస్తరించే పేరు) నిర్వచనాన్ని తెరిచి పక్కన పెట్టుకోండి. పేరు చూసి అర్థం ఊహించవద్దు.
- ఆ జాబితాలో చేర్చే, తీసేసే చోట్లన్నీ వెతికి రాసుకోండి. నడిచేవారిని చూస్తే సరిపోదు, మార్చేవారినీ చూడాలి.
- ఇది ప్యాచ్ రెండో లేదా మూడో రూపమైతే గిట్ రేంజ్‌డిఫ్‌తో పాత రూపానికీ దీనికీ తేడా చూడండి.

నాలుగోది విసుగు పుట్టించే పని. అయినా దాన్ని వదిలేస్తే మిగతా నాలుగూ చేసిన శ్రమ చాలావరకు వృథా అవుతుంది. నడక ఎంత భద్రమో చెప్పేది ఆ జాబితాను మార్చే కోడే.

## 2. మార్పు ఏ రకమో తేల్చండి

ఇటరేటర్ ప్యాచ్‌లు సుమారుగా మూడు రకాలు: ఒక మాక్రో స్థానంలో మరొకటి పెట్టేవి, లూప్ లోపలి పనిని మార్చేవి, ఇటరేటర్ స్వభావాన్నే మార్చేవి. మొదటిది పైకి తేలికగా కనిపిస్తుంది. నా అనుభవంలో ఎక్కువమంది మోసపోయేది దానిలోనే. మూడోది వస్తే దాన్ని వాడే ప్రతిచోటునూ చూడాలి, అడ్డదారి లేదు.

ఒకే ప్యాచ్‌లో రెండు రకాలు కలిసి ఉంటే విడదీయమని అడగండి. యాభై ఫైళ్ల యాంత్రిక మార్పు మధ్యలో ఒక్క ప్రవర్తన మార్పు దాగి ఉంటే ఏ కన్నూ పట్టుకోలేదు.

## 3. ఇటరేటర్ ఒప్పందాన్ని కాగితం మీద రాయండి

ప్రతి ఇటరేటర్‌కూ, దాన్ని వాడేవారికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. చాలాసార్లు అది కోడ్‌లో రాసి ఉండదు. ఈ ఐదు ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు రాయండి:

- నడక సాగుతుండగా ఏ లాక్ ఉండాలి?
- లూప్ లోపల నిద్రపోవచ్చా?
- ప్రస్తుత మూలకాన్ని తీసేయవచ్చా? పక్క మూలకాన్ని వేరొకరు తీసేస్తే ఏమవుతుంది?
- చేతికిచ్చిన మూలకం మీద రిఫరెన్స్ తీసుకుని ఇస్తుందా? దాన్ని ఎవరు వదలాలి?
- నడక చివరికి చేరిందని ఎలా తెలుస్తుంది: నల్ వస్తుందా, తప్పు కోడ్ వస్తుందా, మరేదైనానా?

ఎక్స్‌అర్రేలో (ఇండెక్స్‌తో పాయింటర్లను దాచే కెర్నెల్ నిర్మాణంలో) ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్స్ఏ_ఫర్_ఈచ్ ప్రతి అడుగులోనూ ఇండెక్స్ పట్టుకుని పైనుంచి వెతుకుతుంది. అందువల్ల లూప్ లోపల నిద్రపోయినా, అర్రే మారినా తట్టుకుంటుంది. ఎక్స్ఏఎస్_ఫర్_ఈచ్ తాను నిలబడిన నోడ్‌ను గుర్తుంచుకుంటుంది కాబట్టి వేగంగా నడుస్తుంది. కానీ లాక్ గానీ ఆర్‌సీయూ (చదివేవారు లాక్ లేకుండా నడిచే పద్ధతి) రక్షణ గానీ వదలాలంటే ముందు ఎక్స్ఏఎస్_పాజ్ పిలవాలి. లేకపోతే గుర్తుంచుకున్న నోడ్ అప్పటికే విడుదలై ఉండవచ్చు. వేగం కోసం మొదటిదాన్ని రెండోదిగా మార్చే ప్యాచ్ వస్తే లూప్ శరీరాన్ని ఒక్కో వరుసా చదవండి.

## 4. బయటపడే దారులన్నీ లెక్కపెట్టండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టుకే సమయం కేటాయించగలిగితే దీనికే కేటాయించండి.

లూప్ నుంచి బయటికి వెళ్ళే దారులు సాధారణంగా ఐదు: నడక సహజంగా ముగియడం, బ్రేక్, రిటర్న్, గోటూ, మాక్రోల లోపల దాక్కున్న రిటర్న్. వీటన్నింటికీ అంకెలు వేయండి. ఒక్కోదాని పక్కన “ఎక్కడ ఉంది, చేతిలో ఏముంది” అని రాయండి.

డివైస్ ట్రీ (హార్డ్‌వేర్‌ను వర్ణించే నోడ్‌ల చెట్టు) నడకను తీసుకోండి. ఫర్_ఈచ్_చైల్డ్_ఆఫ్_నోడ్ ఒక్కో చైల్డ్ నోడ్‌ను రిఫరెన్స్‌తో సహా ఇస్తుంది. తర్వాతి నోడ్‌కు వెళ్ళేటప్పుడు పాతదాని రిఫరెన్స్‌ను తానే వదులుతుంది. నడక చివరిదాకా సాగితే లెక్క సరిపోతుంది. మధ్యలో బ్రేక్ చేసినా రిటర్న్ చేసినా ఆ చివరి రిఫరెన్స్ మీ చేతిలోనే మిగులుతుంది, ఆఫ్_నోడ్_పుట్ మీరే పిలవాలి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. కంటిన్యూకు ముందు ఆఫ్_నోడ్_పుట్ పిలిస్తే, తర్వాతి అడుగులో ఇటరేటర్ అదే రిఫరెన్స్‌ను మరోసారి వదులుతుంది. మొదటిది లీకు, రెండోది వాడుకలో ఉన్న ఆబ్జెక్ట్ విడుదల. రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఒకప్పుడు నేను ఇలాంటి లీకునే దాటిపోనిచ్చాను. ఒక డ్రైవర్‌లో లూప్ మధ్యలో కొత్త తనిఖీ చేర్చి, విఫలమైతే వెంటనే రిటర్న్ చేసే ప్యాచ్ అది. చేర్చినవి మూడు వరుసలు, ప్రతి వరుసా సరైనదే. తప్పు ఆ మూడు వరుసల్లో లేదు, పైనున్న లూప్ మొదటి వరుసలో ఉంది. అది డిఫ్‌లో కనిపించనేలేదు. దారులకు అంకెలు వేయడం అప్పటినుంచే మొదలుపెట్టాను.

ఇప్పుడు ఇదే నడకకు స్కోప్డ్ రూపం కూడా ఉంది. ఫర్_ఈచ్_చైల్డ్_ఆఫ్_నోడ్_స్కోప్డ్ వాడితే చరరాశి పరిధి ముగియగానే రిఫరెన్స్ తనంతట తానే వదులుతుంది. పాత రూపం నుంచి దీనికి మార్చే ప్యాచ్‌లో రెండు విషయాలు చూడండి:

- పాత ఆఫ్_నోడ్_పుట్ పిలుపులన్నీ తీసేశారా? ఒక్కటి మిగిలినా రెండుసార్లు వదిలినట్టే.
- లూప్‌లో దొరికిన నోడ్‌ను బయట ఎక్కడైనా దాచుకుంటున్నారా? దాచుకుంటే దానికి వేరుగా రిఫరెన్స్ తీసుకోవాలి.

పీసీఐ పరికరాల మీద నడిచే ఫర్_ఈచ్_పీసీఐ_డెవ్‌కూ ఇదే సూత్రం, మధ్యలో ఆగితే పీసీఐ_డెవ్_పుట్ పిలవాలి. మెమరీ కంట్రోల్ గ్రూపుల నడకను మధ్యలో ఆపాలంటే మెమ్_సీగ్రూప్_ఇటర్_బ్రేక్ అనే ప్రత్యేక ఫంక్షనే ఉంది. క్లాస్_డెవ్_ఇటర్_ఇనిట్‌తో మొదలైన నడక ఏ దారిన ముగిసినా క్లాస్_డెవ్_ఇటర్_ఎగ్జిట్ దాటే వెళ్ళాలి.

ఫర్_ఈచ్_ప్రాసెస్_థ్రెడ్ సంగతి వేరు. పేరు ఒకటే అయినా లోపల రెండు లూప్‌లు ఉన్నాయి. బ్రేక్ లోపలి లూప్ నుంచి మాత్రమే బయటికి తెస్తుంది, పైలూప్ తర్వాతి ప్రాసెస్‌తో కొనసాగుతుంది. నిజంగా ఆగాలంటే గోటూ గానీ రిటర్న్ గానీ కావాలి.

## 5. లూప్ ముగిశాక పాయింటర్‌ను ఎవరు వాడుతున్నారు?

లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీ చివరిదాకా నడిచాక లూప్ పాయింటర్ నల్ కాదు. జాబితా హెడ్‌నే (జాబితా మొదలును గుర్తించే గడినే) ఒక మూలకంగా భావించి లెక్కకట్టిన అర్థంలేని చిరునామా అది. అక్కడ అసలు మూలకమే లేదు.

కాబట్టి లూప్ తర్వాత “పాయింటర్ నల్ అయితే దొరకలేదు” అని రాసిన తనిఖీ ఎప్పటికీ నిజం కాదు. మూలకం దొరకనప్పుడు కూడా కోడ్ దొరికినట్టే ముందుకు సాగి, సంబంధం లేని జ్ఞాపకస్థలాన్ని చదువుతుంది లేదా చెరుపుతుంది.

దిద్దుబాటు తేలిక. దొరికిన మూలకానికి వేరే చరరాశి పెట్టి, దాన్ని ముందే నల్ చేసి, లూప్ లోపల దొరికినప్పుడు మాత్రమే నింపమని చెప్పండి. లూప్ తర్వాత ఆ చరరాశినే వాడాలి. ఈ తరహా లోపాల చర్చ నుంచే కెర్నెల్ కోడ్ 5.18లో పాత సీ ప్రమాణం నుంచి సీ11కు మారింది. లూప్ చరరాశిని లూప్ లోపలే ప్రకటించే వీలు అలా వచ్చింది.

## 6. “సేఫ్” అన్న పేరును నమ్మకండి

లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీ_సేఫ్ చేసేది ఒక్కటే: తర్వాతి మూలకం చిరునామాను ముందే దాచుకుంటుంది. అందువల్ల ప్రస్తుత మూలకాన్ని మీరే తీసేసినా నడక తెగదు. అది ఇచ్చే భద్రత అంతవరకే.

ఇతర థ్రెడ్ల నుంచి ఇది కాపాడదు. లూప్ మధ్యలో లాక్ వదిలి మళ్ళీ తీసుకుంటే, ఆ సందులో వేరొకరు తర్వాతి మూలకాన్ని తీసేసి విడుదల చేయవచ్చు. దాచుకున్న చిరునామా ఇప్పుడు చచ్చిన జ్ఞాపకం. లూప్‌లో పిలిచిన ఫంక్షనే పక్క మూలకాన్ని తీసేసినా ఇదే జరుగుతుంది, దానికి రెండో థ్రెడ్ కూడా అక్కరలేదు.

“లోపం తగ్గడానికి సేఫ్ రూపానికి మార్చాం” అని వివరణ ఉన్న ప్యాచ్ చూస్తే ఆగండి. లాక్ లేని నడకకు సేఫ్ రూపం మందు కాదు. లోపం కనిపించే అవకాశం తగ్గుతుందేమో గానీ లోపం అక్కడే ఉంటుంది.

సరైన దిద్దుబాట్లు సందర్భాన్ని బట్టి ఇలా ఉంటాయి:

- జాబితా ఖాళీ అయ్యేదాకా లాక్ కింద మొదటి మూలకాన్ని తీసుకుని, జాబితా నుంచి తొలగించి, లాక్ వదిలి పని చేయడం.
- లాక్ కింద మొత్తం జాబితాను లిస్ట్_స్ప్లైస్_ఇనిట్‌తో స్థానిక జాబితాలోకి తరలించి, తర్వాత తీరిగ్గా నడవడం.
- లాక్ వదలక తప్పకపోతే, తిరిగి తీసుకున్నాక హెడ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టడం.

రెండోదానిలో ఒక మెలిక ఉంది. వేరే దారిలో ఎవరైనా అదే ఆబ్జెక్ట్‌ను లాక్ కింద లిస్ట్_డెల్ చేస్తుంటే, అది ఇప్పుడు మీ స్థానిక జాబితా నుంచి మూలకాన్ని పీకేస్తుంది. స్థానికం అన్న పేరు ఉన్నంతమాత్రాన ఆ జాబితా మీ ఒక్కరిదే అయిపోదు. మొదటి మెట్టులో రాసుకున్న “తీసేసే చోట్ల” పట్టిక ఇక్కడ అక్కరకొస్తుంది.

## 7. ఆర్‌సీయూ నడకలు

ఆర్‌సీయూ నడకలో చదివేవారిని ఎవరూ ఆపరు. వారు నడుస్తుండగానే మూలకాలు తొలగిపోతుంటాయి. కాబట్టి తొలగించే పద్ధతి చదివేవారిని దారి తప్పించకుండా ఉండాలి.

తొలగింపు లిస్ట్_డెల్_ఆర్‌సీయూతో జరగాలి, విడుదల గ్రేస్ పీరియడ్ (అప్పటికే చదువుతున్నవారంతా ముగించే వ్యవధి) తర్వాతే జరగాలి. ఇది చాలామంది చూస్తారు. చూడనివి రెండు. మొదటిది లిస్ట్_డెల్_ఇనిట్. అది తొలగించిన మూలకాన్ని తనవైపే తిప్పుతుంది. ఆ క్షణాన దాని మీద నిలబడిన పాఠకుడు తర్వాతి మూలకం కోసం చూస్తే మళ్ళీ అదే కనిపిస్తుంది, హెడ్ ఎన్నటికీ రాదు, లూప్ అనంతంగా తిరుగుతుంది. రెండోది లిస్ట్_మూవ్. పాఠకుడు తెలియకుండానే రెండో జాబితాలోకి జారిపోతాడు. అక్కడ ఉన్న హెడ్ వేరు, తాను వెతికే హెడ్ వేరు. అక్కడా అంతులేని తిరుగుడే.

మరో తనిఖీ: లూప్‌లో దొరికిన ఆబ్జెక్ట్‌ను ఆర్‌సీయూ రక్షణ వదిలాక వాడుతున్నారా? వాడుతుంటే రక్షణలో ఉండగానే రిఫరెన్స్ తీసుకుని ఉండాలి, అదీ లెక్క సున్నా కాకపోతేనే పెంచే కేరెఫ్_గెట్_అన్‌లెస్_జీరో వంటి ఫంక్షన్‌తో. మామూలుగా పెంచితే చనిపోతున్న ఆబ్జెక్ట్‌ను పట్టుకున్నట్టవుతుంది.

హ్యాష్ పట్టికల నడకలో ఇంకొక సంగతి. ఆర్‌హ్యాష్‌టేబుల్_వాక్_నెక్స్ట్ మూలకానికి బదులు ‘మళ్ళీ ప్రయత్నించు’ అనే తప్పు కోడ్ ఇవ్వవచ్చు. పట్టిక పరిమాణం మారుతుండటం దానికి కారణం. కోడ్ నల్‌ను మాత్రమే చూసి మిగతాదంతా మూలకమే అనుకుంటే తప్పు కోడ్‌ను చిరునామాగా వాడినట్టే. పైగా అలాంటి నడకలో ఒకే మూలకం రెండుసార్లు రావచ్చు. లెక్కలు కట్టే కోడ్ దాన్ని తట్టుకుంటుందా అని అడగండి.

## 8. ఐఓవీ_ఇటర్: సగం కాపీల లెక్క

రీడ్, రైట్ దారుల్లో డేటాను మోసేది ఈ ఇటరేటర్. ఇది యూజర్ బఫర్ల మీదా, కెర్నెల్ బఫర్ల మీదా, పేజీల మీదా ఒకేలా నడుస్తుంది. దీని లోపాలు సగం కాపీ జరిగినప్పుడు బయటపడతాయి, అది మామూలు పరీక్షల్లో ఎదురుకాదు. అందుకే ఇక్కడ నెమ్మదిగా చదవండి.

తిరిగి వచ్చే అంకె అర్థం. కాపీ_ఫ్రమ్_యూజర్ కాపీ కాకుండా మిగిలిన బైట్ల సంఖ్య ఇస్తుంది. కాపీ_ఫ్రమ్_ఇటర్ కాపీ అయిన బైట్ల సంఖ్య ఇస్తుంది. ఒకదాన్ని మరొకదానిగా మార్చే ప్యాచ్‌లో తనిఖీ వాక్యాన్ని కూడా తిరగరాశారా? ఫాల్ట్_ఇన్_ఐఓవీ_ఇటర్_రీడబుల్ మళ్ళీ మొదటి జాతిదే, అందుబాటులోకి తేలేకపోయిన బైట్ల సంఖ్య ఇస్తుంది. పాత రూపం రుణాత్మక తప్పు కోడ్ ఇచ్చేది. పాత అలవాటుతో “సున్నా కంటే తక్కువా?” అని చూసే తనిఖీ ఇప్పుడు ఎప్పుడూ నిజం కాదు.

దిశ. రీడ్ సిస్టమ్ కాల్‌లో ఇటరేటర్ గమ్యం, రైట్ సిస్టమ్ కాల్‌లో మూలం. రీడ్, రైట్ అన్న పాత గుర్తులు ఎంతోమందిని తికమక పెట్టాయి. ఇప్పుడు ఇటర్_డెస్ట్, ఇటర్_సోర్స్ అనే గుర్తులు ఉన్నాయి. కొత్త కోడ్‌లో పాత గుర్తులు కనిపిస్తే మార్చమని అడగండి. డేటా ఇటరేటర్‌లోకి వస్తోందా, దాని నుంచి వెళ్తోందా అని మీరే ఒకసారి చెప్పుకోండి.

మూడు గడియారాలు. రైట్ దారిలో మూడు అంకెలు ఒకే వేగంతో నడవాలి: ఇటరేటర్ ముందుకు జరిగిన దూరం, ఫైల్ స్థానం, పిలిచినవారికి తిరిగి ఇచ్చే సంఖ్య. 10,000 బైట్లు అడిగితే 6,000 కాపీ అయ్యాక పేజీ ఫాల్ట్ (జ్ఞాపకంలో లేని పేజీని రప్పించడం) విఫలమైందనుకోండి. ఇటరేటర్‌లో 4,000 మిగలాలి, ఫైల్ స్థానం 6,000 పెరగాలి, తిరిగి ఇచ్చేది 6,000 కావాలి. ప్రతి తప్పు దారిలోనూ ఈ మూడింటినీ కాగితం మీద వేసి చూడండి. ఒకటి తేడాగా ఉంటే డేటా పాడవుతుంది, చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండా.

సగం కాపీ అయిన పేజీ సంగతి కూడా అడగండి. కొత్తగా కేటాయించిన పేజీలో మిగిలిన భాగాన్ని సున్నాలతో నింపారా? నింపకుండా పేజీ మొత్తం సిద్ధమని ప్రకటిస్తే పాత జ్ఞాపకంలోని విషయాలు ఫైల్లోకి చేరతాయి.

వెనక్కి జరపడం. ఐఓవీ_ఇటర్_రివర్ట్‌కు ఇచ్చే అంకె నిజంగా ముందుకు జరిగినంతే ఉండాలి, అడిగినంత కాదు. దీని ప్రమాదకరమైన రూపం ట్రంకేట్‌తో (లెక్కను కుదించడంతో) కలిసి వస్తుంది. ఇటరేటర్‌లో 10,000 ఉంది. లోపలి ఫంక్షన్ దాన్ని 4,096కు కుదించింది. ఏమీ కాపీ కాకముందే విఫలమై, రీఎక్స్‌పాండ్ చేయకుండా (కుదించినదాన్ని మళ్ళీ పెంచకుండా) తిరిగి వచ్చింది. పైనున్నవారు మొదటి అంకె నుంచి మిగిలినదాన్ని తీసేసి 5,904 బైట్లు వాడారని లెక్కకట్టి, అంత వెనక్కి జరిపారు. వాడినది మాత్రం సున్నా. ఇటరేటర్ ఇప్పుడు తన అర్రే మొదలుకు ముందున్న జ్ఞాపకంలో నిలబడి ఉంది. ఐఓ_యూరింగ్‌లో (అసమకాలిక ఐఓ కోసం ఉన్న కెర్నెల్ వ్యవస్థలో) ఇలాంటి చిక్కు ఎదురయ్యాకే స్థితిని దాచి తిరిగి నిలిపే ఐఓవీ_ఇటర్_రిస్టోర్ వచ్చింది. మళ్ళీ ప్రయత్నించే కోడ్‌లో లెక్కకట్టిన రివర్ట్ కంటే దాచుకున్న స్థితికి మరలడమే మేలు.

తనంతట తాను జరుగుతుందా? కొన్ని ఫంక్షన్లు ఇటరేటర్‌ను ముందుకు జరుపుతాయి, కొన్ని జరపవు. ఐఓవీ_ఇటర్_గెట్_పేజెస్2 జరుపుతుంది, దాని పాత రూపం జరపలేదు. ఇలాంటి మార్పిడిలో పాత ఐఓవీ_ఇటర్_అడ్వాన్స్ పిలుపు మిగిలిపోతే డేటా రెండింతలు దాటుకుపోతుంది. ఐఓవీ_ఇటర్_ఎక్స్‌ట్రాక్ట్_పేజెస్ అయితే మరొక ప్రశ్న కూడా ఉంది: యూజర్ పేజీలను అది పిన్ చేస్తుంది, రిఫరెన్స్ తీసుకోదు. వదిలేటప్పుడు అన్‌పిన్ చేయాలి, పుట్_పేజ్ కాదు.

ముందుకు కదులుతోందా? పేజీని లాక్ చేసి యూజర్ బఫర్ నుంచి కాపీ చేస్తే, ఆ బఫర్ అదే ఫైల్‌లోని అదే పేజీకి మ్యాప్ అయి ఉన్నప్పుడు డెడ్‌లాక్ (ఎవరూ కదలలేని ప్రతిష్టంభన) వస్తుంది. అందుకే ముందు పేజీలను రప్పించి, తర్వాత పేజీ ఫాల్ట్‌లు ఆపి కాపీ చేసి, తక్కువ పడితే మళ్ళీ ప్రయత్నిస్తారు. ఆ లూప్‌లో సున్నా బైట్లు కాపీ అయినప్పుడు ఏమవుతుందో వేలు పెట్టి చూపించమనండి. ఏ కదలికా లేకుండా మళ్ళీ మొదటికే వస్తుంటే ప్రాసెస్ అక్కడే చిక్కుకుపోతుంది.

కొత్త గడిలో ప్రతి ఫీల్డూ నిండిందా? సీవీఈ-2022-0847, అంటే డర్టీ పైప్ అనే భద్రతా లోపం, ఈ ఇటరేటర్ కోడ్ నుంచే వచ్చింది. పైప్ బఫర్ గడిని నింపేటప్పుడు ఫ్లాగ్స్ ఫీల్డ్‌ను వదిలేశారు. 4.9 నాటి ఆ లోటు 5.8లో మరో మార్పు వచ్చేదాకా హాని చేయలేదు. తర్వాత చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైళ్లను కూడా మార్చగల రంధ్రమైంది. దిద్దుబాటు రెండు చోట్ల ఫ్లాగ్స్‌ను సున్నా చేయడం మాత్రమే. గడిని నింపే కోడ్ ఎదురైతే స్ట్రక్చర్ నిర్వచనం తెరిచి ఒక్కో ఫీల్డ్‌కూ టిక్కు పెట్టండి.

## 9. సీక్_ఫైల్ ఇటరేటర్లు

ప్రాక్ (కెర్నెల్ సమాచారం చూపే ఫైళ్ల చోటు) వంటి చోట్ల జాబితాలు చూపించేవి ఇవి. స్టార్ట్, నెక్స్ట్, స్టాప్, షో అనే నాలుగు ఫంక్షన్లు ఉంటాయి. చూడాల్సినవి కొన్నే.

- నెక్స్ట్ ప్రతిసారీ స్థానాన్ని పెంచాలి, నల్ ఇచ్చేటప్పుడు కూడా. పెంచకపోతే చిన్న ముక్కలుగా చదివేవారికి చివరి వరుస మళ్ళీ కనిపిస్తుంది.
- స్టార్ట్ నల్ ఇచ్చినా, తప్పు కోడ్ ఇచ్చినా స్టాప్ పిలుపు వస్తుంది. లాక్ తీసుకోకముందే స్టార్ట్ విఫలమైతే, స్టాప్ లేని లాక్‌ను వదులుతుందా?

పరీక్ష తేలిక. ఆ ఫైల్‌ను క్యాట్‌తో ఒకసారి, డీడీతో ఒక్కో బైటుగా మరోసారి చదివి పోల్చండి. డీడీ స్కిప్‌తో మధ్య నుంచి చదివి కూడా చూడండి.

## 10. కొత్త మాక్రో తెస్తున్న ప్యాచ్

ఆర్గ్యుమెంట్‌ను ఒక్కసారే లెక్కకడుతుందా, లోపల దాచిన చరరాశి పేరు నెస్టెడ్ లూప్‌లో ఢీకొంటుందా అని చూడండి. వడపోత ఉన్న మాక్రో లోపల ఇఫ్ వాడితే, దాన్ని పిలిచినవారి ఎల్స్ పొరపాటున దానికే అతుక్కోవచ్చు. “ఇఫ్ షరతు తప్పితే ఖాళీ, ఎల్స్ అసలు పని” అన్న వరుసలో రాస్తే ఆ చిక్కు ఉండదు. క్లాంగ్ ఫార్మాట్ ఫైల్‌లోని జాబితాలో పేరు చేర్చమని కూడా గుర్తుచేయండి.

అన్నింటికంటే ముఖ్యంగా, మూడో మెట్టులోని ప్రశ్నలకు జవాబులు మాక్రో పైనున్న వ్యాఖ్యలో రాయించండి. మధ్యలో ఆగితే వాడేవారు ఏం వదలాలో అక్కడ లేకపోతే తప్పు తప్పకుండా జరుగుతుంది.

## 11. యంత్రంతో తనిఖీ

కళ్ళతో చదవడం అయ్యాకే ఇది. ముందే నడిపితే “హెచ్చరికలు లేవు” అన్న మాట మనసును మందగింపజేస్తుంది.

కాక్సినెల్ (కోడ్‌లో నమూనాలను వెతికే సాధనం) స్క్రిప్టుల్లో ఇటరేటర్ల కోసమే ఒక డైరెక్టరీ ఉంది. లూప్ తర్వాత పాయింటర్ వాడకం, అర్థంలేని నల్ తనిఖీ, కంటిన్యూకు ముందు అదనపు పుట్ వంటివి అది పట్టుకుంటుంది. కాక్సీచెక్‌ను రిపోర్ట్ పద్ధతిలో మారిన ఫైళ్ల మీద నడపండి.

తర్వాత కెర్నెల్‌ను ఈ ఆప్షన్లతో బిల్డ్ చేయండి:

- కేఏశాన్: విడుదలైన జ్ఞాపకం వాడకాన్ని పట్టుకుంటుంది.
- ప్రూవ్_లాకింగ్, ప్రూవ్_ఆర్‌సీయూ_లిస్ట్: రక్షణ లేని నడకను చూపిస్తాయి.
- డీబగ్_అటామిక్_స్లీప్: నిద్రపోకూడని చోట నిద్రను చూపిస్తుంది.
- డీబగ్_లిస్ట్: చెడిపోయిన లింకులను పట్టుకుంటుంది.
- ఫెయిల్‌శ్లాబ్: కేటాయింపులు కావాలని విఫలం చేసి తప్పు దారులను నడిపిస్తుంది.

ఐఓవీ_ఇటర్ మార్పైతే దాని కేయూనిట్ (కెర్నెల్ యూనిట్ పరీక్షల చట్రం) పరీక్షలు నడపండి. సగం కాపీని మీరే పుట్టించడానికి ఒక చిన్న ప్రోగ్రాం చాలు: రెండు పక్కపక్క పేజీలు మ్యాప్ చేయండి, రెండోదాన్ని అన్‌మ్యాప్ చేయండి, మొదటిదాని చివరి 100 బైట్ల దగ్గర మొదలయ్యే 4,096 బైట్ల రైట్ చేయండి. తిరిగి వచ్చిన సంఖ్య, ఫైల్ స్థానం, ఫైల్‌లోని డేటా మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఈ పది నిమిషాల ప్రయోగాన్ని దయచేసి వదలవద్దు.

జాబితా ఎంత పొడవు పెరగగలదో కూడా ఒకసారి ఆలోచించండి. లక్ష మూలకాలతో నడిపితే స్పిన్‌లాక్ ఎంతసేపు పట్టుకుని ఉంటారు?

## 12. వ్యాఖ్య రాయడం, ముద్ర వేయడం

“ఇక్కడ రేస్ ఉందేమో” అని రాస్తే రచయిత ఏమీ చేయలేరు. జరిగే వరుసను రాయండి: మొదటి థ్రెడ్ లాక్ వదిలింది, రెండోది తర్వాతి మూలకాన్ని విడుదల చేసింది, మొదటిది దాచిన చిరునామాను చదివింది. వరుస రాయలేకపోతే మీ అనుమానం ఇంకా పండలేదన్నమాట. అప్పుడు దాన్ని ఆరోపణగా కాక ప్రశ్నగా అడగండి.

తప్పు దారిని చూపేటప్పుడు మీరు వేసిన అంకెను వాడండి: “మూడో దారిలో, రిటర్న్ దగ్గర, చైల్డ్ రిఫరెన్స్ చేతిలోనే ఉంది.” లోపాన్ని దిద్దే ప్యాచ్ అయితే ఫిక్సెస్ ట్యాగ్‌లో కమిట్ గుర్తు కనీసం 12 అక్షరాలు ఉండాలి. ఆ కమిట్ నిజంగా లోపాన్ని తెచ్చిందేనా అని కూడా చూడండి. ఏ పాత స్థిర కెర్నెళ్లకు దిద్దుబాటు చేరాలో తేల్చడానికి అది తోడ్పడుతుంది.

రివ్యూడ్‌బై (రివ్యూ చేశానని ప్యాచ్‌లో చేర్చే మీ పేరు వరుస) వేసే ముందు చివరి తనిఖీ:

- బయటపడే ప్రతి దారికీ రెండు ప్రశ్నలకూ జవాబు రాశానా?
- జాబితాను మార్చే చోట్లన్నీ చూశానా?
- తిరిగి వచ్చే ప్రతి అంకె అర్థం నిర్వచనంలో చూసి తెలుసుకున్నానా, ఊహించానా?
- సగం కాపీ, సున్నా కాపీ, ఖాళీ జాబితా, ఒకే మూలకం ఉన్న జాబితా: ఈ నాలుగింటినీ నడిపి చూశానా?

కొన్ని భాగాలే చూసి ఉంటే ఆ మాటే రాయండి: “లాకింగ్ చూశాను, పేజీల పిన్ లెక్క చూడలేదు.” నడిపి మాత్రమే చూసి ఉంటే టెస్టెడ్‌బై వేయండి. మెయింటైనర్ మీ ముద్రను చూసి చూడని భాగాన్ని కూడా చూసినట్టు భావించకూడదు.